ఎర్రకారం మన దగ్గరుంది, నునుపొక్కటి నేర్చుకుంటే చాలు

కడపలో సాయంత్రం ఆరు దాటాక ఏ ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. కబాబ్ ప్లేటు చేతికి రాగానే పిల్లలు అడిగే మొదటి మాట, "అన్నా, ఇంకొంచెం సాస్ ఎయ్యన్నా". ముక్క సంగతి తర్వాత. లేత నారింజ రంగులో చిక్కగా ఉండి, నాలుక మీద మెత్తగా పరుచుకుని, మింగిన కాసేపటికి గొంతులో కారం తగిలే ఆ సాస్ కోసమే సగం మంది వస్తున్నారని నా నమ్మకం. ఒక్కో బండి మీద దానికి ఒక్కో పేరు: తందూరీ మయోనైజ్, పెరిపెరి, షెజ్వాన్ మయో, స్పైసీ డిప్. పేరేదైనా లోపలున్నది మాత్రం ఒకటే. నూనె, నీళ్ళు విడిపోకుండా చిలికిన తెల్లటి ముద్ద, అంటే మయోనైజ్, అందులో కలిపిన ఎర్ర మిరప.

దీన్ని సీసాల్లో కొనుక్కోవాల్సిన గతి మన సీమ ఇళ్ళకు పట్టలేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఆరోగ్యం పేరుతో ఎవరినీ భయపెట్టాలని లేదు. నాలుగు రూపాయలు మిగుల్తాయా లేదా అన్నదీ నాకు ముఖ్యం కాదు. నేను మాట్లాడుతున్నది రుచి గురించి. ఈ సాస్‌లో సగం కారం, సగం నునుపు. కారం సంగతిలో మనకు ఒకరు నేర్పాల్సింది ఏమీ లేదు; దోశ మీద వెల్లుల్లి ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లుకుని తినే ఊరు మనది. ఇక నునుపంటారా, అది చెయ్యి తిరిగితే వచ్చే పని. ఆ ఒక్క పని చేతకాదనుకుని, బాగా తెలిసిన కారాన్ని కూడా దాంతోపాటే బయటివాళ్ళకు అప్పజెప్పేశాం. అది నాకు నచ్చలేదు.

సీసా తిప్పి వెనక వైపు చదవండి. ప్యాకెట్లలో అమ్మే ఆహారం మీద పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువున్నది ముందు, తక్కువున్నది చివర రాయాలని మన దేశంలో నియమం. ఈ రకం సాస్‌లలో చాలావాటి మీద ముందు కనిపించేవి నూనె, నీళ్ళు, చక్కెర. తర్వాత పాలపొడో సోయా ప్రొటీనో, మార్పు చేసిన పిండిపదార్థం, ఉప్పు, పులుపు కోసం ఏదో ఒక ఆమ్లం. మిరప, వెల్లుల్లి ఎక్కడో కింద ఉంటాయి. చివర్లో అంకెలు: 415 అంటే జాంథాన్ గమ్, 211 అంటే సోడియం బెంజోయేట్, 202 అంటే పొటాషియం సార్బేట్.

ఈ అంకెలు చూపించి "విషం తింటున్నారు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళతో నేను కలవను. జాంథాన్ గమ్ అనేది చక్కెరను ఒక రకం బ్యాక్టీరియాతో పులియబెట్టి తీసే జిగురు. చిటికెడు పడితే చాలు, నీళ్ళు చిక్కబడతాయి. బెంజోయేట్, సార్బేట్ బూజు పట్టకుండా చూస్తాయి. అనుమతి ఉన్నవే అన్నీ. నెలల తరబడి దుకాణం అరలో నిలవాల్సిన సీసాకు అవి కావాలి. మూడు నాలుగు రోజుల్లో ఖాళీ అయ్యే ఇంటి గిన్నెకు వాటితో పనేముంది?

నా ఫిర్యాదంతా ఆ వరుసలో మూడో పదం మీద, చక్కెర మీద. ఒకే సీసా ఢిల్లీలోనూ కొచ్చిలోనూ కలకత్తాలోనూ అమ్ముడుపోవాలంటే, ఎవరి నోటికీ ఎదురు తిరగనంత కారం పెట్టి, దాని మీద తీపి కప్పాలి. వ్యాపారంగా అందులో తప్పేమీ లేదు. కానీ ఉగ్గానికి మిరపకాయ బజ్జీ నంజుకుని తినే నాలుకకు అది ఆనదు. పిల్లలు మళ్ళీ మళ్ళీ సాస్ అడగడానికి ఇదే కారణమేమో అని నాకు అనిపిస్తుంది. వాళ్ళ నోరు కారం కోసం వెతుకుతోంది, దొరుకుతున్నది తీపి.

గుడ్డు లేని మయోనైజ్ మనకు అలవాటైన తీరు కూడా చెప్పాలి. 1995లో బెంగళూరులో కెఎఫ్‌సి, 1996లో ఢిల్లీలో మెక్‌డొనాల్డ్స్ మొదటి దుకాణాలు తెరిచాయి. మెక్‌డొనాల్డ్స్ ఇక్కడి శాకాహారుల కోసం గుడ్డు లేకుండా మయోనైజ్ చేయించుకుంది. తర్వాత అలాంటిదే సీసాల్లో, కిలో ప్యాకెట్లలో బజారుకొచ్చింది, ఇప్పుడు మన వీధి చివరి బండి దాకా చేరింది. ఆ పెద్ద దుకాణాలకు కావాల్సింది ఏ ఊళ్ళోనైనా ఒకేలా ఉండే సాస్. మన ఇంటికి ఆ అవసరమే లేదు.

యూట్యూబ్‌లో "రెండు నిమిషాల్లో హోటల్ సాస్" అని వచ్చేవాటిలో చాలావరకు సీసా మయోనైజ్‌లో టమాటా కెచప్, కారప్పొడి కలపడమే. దాన్ని ఇంట్లో చేసినట్టు నేను ఒప్పుకోను. పైగా పచ్చి కారప్పొడి మెత్తటి సాస్‌లో ఎంత కలిపినా కరగదు. నాలుకకు గరగరా తగులుతూనే ఉంటుంది, పచ్చివాసన కొడుతూనే ఉంటుంది. కెచప్ తెచ్చే తీపి వేరే.

ఇంకో అభ్యంతరం ఉంది, అది ఇంట్లోంచే వచ్చింది. మా అత్తమ్మ మైదుకూరు పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. నేను మిక్సీలో పాలు, నూనె పోస్తుంటే చూసి, "ఊరిబిండి నూరుకుంటే అయిపాయె గదమ్మా, ఈ తెల్ల గొజ్జు ఏంటికి మనకు?" అంది. ఆమె మాటను తేలిగ్గా తీసిపారేయలేను. వేయించిన చెనక్కాయ విత్తనాలు, ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు రోట్లో వేసి నూరిన ఊరిబిండి, వేడి సంగటి ముద్ద పక్కన ఉంటే ఏ సాసూ దాని ముందు నిలవదు. కానీ దాని పని వేరు. ఊరిబిండిని కావాలనే పలుకుగా నూరతాం. సంగటి మెత్తన కాబట్టి, పళ్ళకు తగలాల్సింది పచ్చడిలో ఉండాలి. కబాబ్ దగ్గర, వేయించిన ఆలుగడ్డ ముక్కల దగ్గర లెక్క తలకిందులవుతుంది. కరకర అంతా ముక్కలోనే ఉంది. దానికి తోడుగా కావాల్సింది చల్లగా, మెత్తగా ఉండి, జారిపోకుండా ముక్కను అంటిపెట్టుకునేది. ఊరిబిండిలో కబాబ్ ముంచి చూడండి, పైకి తీసేలోపు సగం గిన్నెలోనే రాలిపోతుంది.

నునుపు మీద పిల్లలకున్న మోజును చెడు అలవాటుగా చూడటం కూడా నాకు ఒప్పదు. మీగడ, వెన్న, గడ్డపెరుగు ఇష్టపడిన నోళ్ళే ఇవి. మజ్జిగపులుసులో శనగపిండి కలిపేది మజ్జిగ విరగకుండా నునుపుగా రావాలనే కదా. విడిపోయేదాన్ని విడిపోకుండా నిలపడం మన వంటింట్లో ఎప్పటినుంచో ఉన్న పనే. మయోనైజ్‌లో జరిగేదీ అదే. అందుకే ఇది మనకు పరాయి విద్య అంటే నేను నమ్మను.

ఇక చేసే తీరు. నూనె, నీళ్ళు కలిపి ఎంత గిలక్కొట్టినా కాసేపటికి నూనె పైకి తేలుతుంది. అదే నూనెను కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా విడగొట్టి, ప్రతి బొట్టు చుట్టూ ఒక పొర పట్టేలా చూస్తే అవి మళ్ళీ ఒకటి కాలేవు. అలాంటి బొట్లు లెక్కలేనన్ని ఒకదానికొకటి ఆనుకుని కదలలేని స్థితికి వస్తే, దాన్నే మనం చిక్కదనం అంటున్నాం. గుడ్డుతో చేస్తే ఆ పొర పచ్చసొనలోని లెసిథిన్, ప్రొటీన్ల నుంచి వస్తుంది. పాలతో చేస్తే పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ నుంచి. బొట్టు ఎంత చిన్నదైతే సాస్ అంత గట్టిగా, అంత తెల్లగా ఉంటుంది. పిండి, జిగురు ఏవీ వేయకుండానే రెండు పలచటి ద్రవాలు చెంచా నిలబడేంత గట్టిపడతాయి.

"ఇంత నూనెనా?" అంటారని తెలుసు. అవును, ఇంతే. అమెరికా నిబంధనల ప్రకారం మయోనైజ్ అనే పేరు పెట్టుకోవాలంటే బరువులో కనీసం 65 శాతం నూనె ఉండాలి. ఇది చెంచాతో తినే వస్తువు, గిన్నెతో తినేది కాదు. నెయ్యిని ఎలా వేసుకుంటామో అలాగే వేసుకోవాలి.

గుడ్డు విషయంలో నేను గట్టిగానే ఉంటాను. పచ్చిగుడ్డుతో చేయను, ఎవరైనా అడిగితే చేయొద్దనే చెప్తాను. కేరళ 2023 జనవరిలో పచ్చిగుడ్డు మయోనైజ్‌ను నిషేధించింది. తెలంగాణలో, హైదరాబాదులో మోమోలు తిని జనం ఆసుపత్రి పాలైన తర్వాత, 2024 అక్టోబరు 30న ఏడాది పాటు నిషేధం పెట్టారు. తమిళనాడు 2025 ఏప్రిల్‌లో అదే పని చేసింది. పచ్చిగుడ్డులో జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటే దాన్ని చంపేంత వేడి ఈ సాస్ తయారీలో ఏ దశలోనూ తగలదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా త్వరత్వరగా పెరుగుతుంది, మన దగ్గర ఎండాకాలంలో వంటగది వేడే 40కి అటూ ఇటూ ఉంటుంది. "నిమ్మరసం పిండాం కదా, ఏం కాదు" అనే ధీమా పనికిరాదు. గుడ్డు రుచే కావాలంటే గట్టిగా ఉడకబెట్టిన రెండు గుడ్లను నిమ్మరసం, ఉప్పు, కాస్త ఆవపొడితో కలిపి మిక్సీలో మెత్తగా తిప్పుతూ అరకప్పు నూనె కొద్దికొద్దిగా పోయండి. చక్కగా నిలుస్తుంది. కాకపోతే పాలతో చేసినంత తేలిగ్గా ఉండదు, బరువుగా వస్తుంది.

మా ఇంట్లో ఎక్కువగా చేసేది పాలతోనే. కాచి, మీగడ తెట్టు తీసేసి, ఫ్రిజ్‌లో బాగా చల్లబడనిచ్చిన చిక్కటి పాలు 100 మిల్లీలీటర్లు తీసుకుంటే, నూనె దానికి రెండింతలు, అంటే 200. అర చెంచా ఆవపొడి, ఉప్పు, ఒక వెల్లుల్లి రెబ్బ. పాలు, ఆవపొడి, ఉప్పు, వెల్లుల్లి చిన్న జార్‌లో వేసి ముందు ఒకసారి తిప్పాలి. మూతకు నడుమ చిల్లు ఉన్న జార్ అయితే నూనె సన్నటి ధారగా పోయొచ్చు. లేకపోతే ఆపి, మూత తీసి, రెండేసి చెంచాలు పోసి మళ్ళీ తిప్పడమే. కాస్త విసుగే, కానీ తొందరపడితే రాదు. మొదటి సగం నూనె ఎంత నిదానంగా పోస్తే అంత మంచిది. చివరికి వచ్చేసరికి ధార పెంచినా ఫర్వాలేదు.

ఇక్కడ కళ్ళకన్నా చెవులే ఎక్కువ పనికొస్తాయి. మొదట్లో పాలు జార్ గోడలకు చిమ్ముతూ గలగలమంటాయి. నడుమ సుడి తిరుగుతూ బ్లేడు కనిపిస్తూ ఉంటుంది. నూనె సగం దాటేసరికి ఆ గలగల తగ్గిపోయి చప్పుడు లోతుగా, గుబగుబమంటూ వస్తుంది. సుడి మెల్లమెల్లగా మూసుకుపోతుంది. ఒక చోటికి వచ్చాక బ్లేడు కింద తిరుగుతూనే ఉంటుంది, పైనున్న తెల్లటి ముద్ద మాత్రం కదలదు. అక్కడ ఆపేయాలి. రెండు చెంచాల నిమ్మరసం పిండి ఒక్క తిప్పు తిప్పగానే ముద్ద ఇంకాస్త బిగుసుకుంటుంది. పులుపు తగలగానే పాలలోని కేసీన్ గడ్డకట్టడానికి చూస్తుంది. పాలు పెరుగయ్యేటప్పుడు జరిగేది అదే, ఇక్కడ అది మనకు కలిసొచ్చింది. నిమ్మరసాన్ని మొదట్లోనే వేస్తే మాత్రం పాలు విరిగి పని చెడుతుంది.

మిక్సీ ఆగకుండా తిప్పితే జార్ వేడెక్కి సాస్ పలచబడుతుంది. పది సెకన్లు తిప్పి, కాసేపు ఆగి, మళ్ళీ తిప్పాలి. ఎండాకాలంలో నూనెను కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయడం మేలు. విడిపోయి నూనె పైకి తేలినా పారేయక్కర్లేదు. వేరే జార్‌లో రెండు చెంచాల చల్లటి పాలు వేసి తిప్పుతూ, విడిపోయిన దాన్నే నూనె బదులుగా చెంచా చెంచా పోసుకుంటూ పోతే మళ్ళీ పట్టుకుంటుంది.

నూనె ఎంపికలో నాదొక పట్టు ఉంది. గానుగ చెనక్కాయ నూనె వాసన మనకు ఇష్టమే, అది లేకుండా పచ్చడి తాలింపు నాకు రుచించదు. కానీ ఈ సాస్‌లో మొత్తం అదే పోస్తే వెల్లుల్లి, మిరప రెండూ దాని వెనక దాక్కుంటాయి. మూడు వంతులు వాసన లేని నూనె, ఒక వంతు గానుగ నూనె. అప్పుడు తిన్నవాళ్ళకు ఇది మన వైపు చేసిందని తెలుస్తుంది, మిరపకూ చోటుంటుంది.

ఇప్పుడు కారం. దీని దగ్గరే మిగతావాళ్ళకూ మనకూ తేడా రావాలి. మిరపకు కారం ఇచ్చే క్యాప్సైసిన్ నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు మిరప కారాన్ని కొలవడానికి ముందు దాన్ని ఆల్కహాల్‌లోకి దింపి, ఆ తర్వాతే చక్కెర నీళ్ళలో పలచబరిచాడు. ఎర్రరంగు కూడా అంతే, నూనెలోకే దిగుతుంది. కాబట్టి కారాన్ని నూనెలో మగ్గించి వేస్తేనే సాస్‌కు రంగూ కారమూ పూర్తిగా పడతాయి. తెల్ల సాస్‌లో పొడి చల్లి కలిపేవాళ్ళకు గులాబీ రంగు, పచ్చివాసన మిగులుతాయి.

నేను రెండు రకాల మిరపకాయలు కలుపుతాను. రంగు కోసం ముడతల బ్యాడిగి కాయలు పది పన్నెండు, కారం కోసం గుంటూరు రకం నాలుగైదు. బ్యాడిగి ఊరు కర్ణాటకలో, హావేరి జిల్లాలో ఉంది కానీ ఆ మార్కెట్‌కు చేరే కాయలో మన కర్నూలు జిల్లా పడమటి రైతులు పండించింది కూడా ఉంది. ఆ కాయ కారం తక్కువ, రంగు చాలా ఎక్కువ. తొడిమలు తీసి, సగం గింజలు దులిపేసి, వేడినీళ్ళలో అరగంట నానబెట్టాలి. ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు చేర్చి వీలైనంత మెత్తగా రుబ్బి, జల్లెడలో చెంచాతో ఒత్తి తొక్కలు తీసేయాలి. ఈ జల్లెడ పని చాలామంది వదిలేస్తారు. వదలొద్దు, నునుపులో సగం ఇక్కడే ఉంది. దోశ మీదికి చేసే ఎర్రకారంలో ఉల్లిగడ్డ కూడా వేస్తాం కదా, ఇందులో వద్దు. పచ్చి ఉల్లి రుబ్బితే చేదెక్కుతుంది, సాస్ త్వరగా పాడవుతుంది కూడా.

తర్వాత చిన్న బాణలిలో రెండు చెంచాల నూనె వేసి, సన్నమంట మీద ఈ ముద్దను మగ్గించాలి. మొదట చిటపటమంటుంది, దగ్గు తెప్పించే ఘాటు లేస్తుంది, కిటికీ తీసిపెట్టుకోండి. ఐదారు నిమిషాల్లో ఘాటు తగ్గి తియ్యటి వాసన మొదలవుతుంది. ముద్ద గరిటెను వదిలి, అంచుల్లో ఎర్రటి నూనె తేరుకుంటుంది. దించేయాల్సింది అప్పుడే. ఇంకాస్త ఉంచితే రంగు ఇటుక రంగులోకి తిరిగి చేదు వస్తుంది. పూర్తిగా చల్లారాకే తెల్ల సాస్‌లో కలపాలి. వేడి మీద కలిపితే ఇంతసేపూ కష్టపడి నిలిపిన నునుపు ఒక్క క్షణంలో విరిగిపోతుంది.

నాలుగు చెంచాల తెల్ల సాస్‌కు ఒక చెంచా కారం ముద్ద. దానికి గోరంత బెల్లం, ఇంకొంచెం నిమ్మరసం, ఉప్పు. ఇప్పుడే రుచి చూసి కారం చాల్లేదని ఇంకో చెంచా వేయకండి. నూనె కారాన్ని పట్టి ఉంచుకుంటుంది, కేసీన్ కూడా కారాన్ని అణిచిపెడుతుంది. నోరు మండినప్పుడు పాలు తాగమనేది అందుకే. మిరప ఈ సాస్‌లో ఆలస్యంగా పలుకుతుంది. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసి, ముక్క ముంచుకుని తిని, అప్పుడు నిర్ణయించుకోండి. చల్లటి సాస్‌లో ఉప్పు, పులుపు కూడా మందంగా తెలుస్తాయి, అందుకని మామూలు పచ్చడికన్నా కాస్త ముందుండాలి. బెల్లం ఎందుకని అడగొచ్చు. తీపి తెలియడానికి కాదు, వెల్లుల్లి పదును తగ్గడానికి. తీపి తెలిసిందంటే ఎక్కువ పడిందని అర్థం.

పొగవాసన ఇష్టమైనవాళ్ళు ఎండుమిరపకాయల్ని నానబెట్టే ముందు నిప్పుల మీద ఒక్క క్షణం తిప్పి తీయొచ్చు. హోటల్ సాస్‌ల మీద కనిపించే చిపోట్లే అనేది మెక్సికోలో పండిన హలపెన్యో మిరపను పొగబెట్టి ఎండబెట్టిన కాయే. జొన్నరొట్టె కాల్చాక పొయ్యిలో మిగిలే నిప్పులు ఆ పనికి బాగా సరిపోతాయి. వెల్లుల్లిని పొట్టుతోనే ఆ నిప్పుల్లో కప్పి కాలిస్తే ఇంకా బాగుంటుంది.

పాలు, మిక్సీ, నూనె ధార ఈ తతంగమంతా వద్దనుకునేవాళ్ళకు అనంతపురం దారి ఒకటుంది, మా అత్తమ్మకు నచ్చినదీ అదే. చెనక్కాయ విత్తనాలు కమ్మగా వేయించి, పొట్టు తీసి, మిక్సీలో నీళ్ళు లేకుండా తిప్పాలి. ముందు పొడి అవుతుంది, తర్వాత అంచులకు అతుక్కుంటుంది, ఆపి ఆపి తిప్పుతూ ఉంటే దాని నూనె అదే వదిలి జారుగా మారుతుంది. విత్తనంలో దగ్గర దగ్గర సగం నూనే, నాలుగో వంతు ప్రొటీన్. అంటే మయోనైజ్‌కు కావాల్సిన నూనె, దాన్ని పట్టుకునే పొర రెండూ ఒకే గింజలో ఉన్నాయి. ఇప్పుడు రెండు చెంచాల చల్లటి నీళ్ళు పోస్తే జారుగా ఉన్నది ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. పాడైందనుకోకండి. ఇంకో రెండు చెంచాలు, ఇంకో రెండు పోస్తూ తిప్పితే బిగువు వదిలి, గోధుమ రంగు పోయి పాలిపోయిన మీగడ రంగుకు వస్తుంది. దాంట్లో గుడ్డలో కట్టి నీరు తీసిన పెరుగు రెండు చెంచాలు, నిమ్మరసం, మగ్గించిన కారం కలిపితే కబాబ్‌ను గట్టిగా పట్టుకునే సాస్ తయారు. ఊరిబిండికి కావాల్సిన సరుకులే దాదాపు అన్నీ, నూరిన తీరు మాత్రం వేరు. అత్తమ్మ దీన్ని పునుగులతో తిని, "ఇదైతే ఒప్పుకుంటా" అంది. చెనక్కాయలు పడనివాళ్ళు ఇంటికొస్తే మాత్రం ముందే చెప్పాలి, చూడ్డానికి తెలియదు.

నిల్వ గురించి కచ్చితంగా ఉండండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు, మహా అయితే నాలుగు. వెల్లుల్లిని నూనెలో వేసి బయట పెట్టడం అసలు మంచిది కాదు. గాలి తగలని నూనెలో, పులుపు చాలని చోట బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరగగలదు, వాసనతో పసిగట్టలేం. తడి చెంచా పెట్టొద్దు. వడ్డించేటప్పుడు చిన్న గిన్నెలోకి తీసుకుని, మిగిలింది మళ్ళీ సీసాలో పోయొద్దు. బడి డబ్బాలో ఎండాకాలం పంపొద్దు. పిల్లలు ఎంత అడిగినా ఆ రోజుకు ఊరిబిండే.

బండ్లవాళ్ళకు కూడా ఒక మాట. కడపకు వచ్చినవాళ్ళు కారం దోశ ఎక్కడ బాగుంటుందని అడుక్కుంటూ వెళ్తారు. ఆ దోశ మీదున్న ఎర్రకారమే పక్క బండి మీద కబాబ్‌కు తోడుగా ఎందుకు రాకూడదు? కిలో ప్యాకెట్ మయోనైజ్ కొన్నా సరే, అందులో షెజ్వాన్ సీసా ఒంపే బదులు పొద్దున మగ్గించి చల్లార్చిన ఎర్రకారం కలపండి. ఒకే పెద్ద సీసా సాయంత్రమంతా ఎండకూ పొయ్యి సెగకూ పెట్టకుండా, ఐసు డబ్బాలో ఉంచి, చిన్న చిన్న సీసాల్లోకి తీసుకుని వాడండి. రాత్రి మిగిలింది మర్నాటికి కలపకండి. పాలతో మీరే చేసుకుంటే ఇంకా మంచిది, పైన చెప్పిన కొలతలు పదింతలు చేసినా పనిచేస్తాయి. అప్పుడు చిన్న జార్ చాలదు, గొట్టంలా ఉండే చేతి బ్లెండర్ కావాలి, పాలూ నూనే ఒకేసారి లోతు గిన్నెలో పోసి అడుగు నుంచి మెల్లగా పైకి లాగుతూ తిప్పాలి.